అరవై ఒక్క డాలర్ల సరుకు

పోయిన వారం రాత్రి పదకొండు దాటాక తెలియని నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తితే ఎవరో కుర్రాడు, "అన్నా, మీ నంబర్ మా సీనియర్ ఇచ్చాడు, ఇప్పుడు మాట్లాడొచ్చా" అన్నాడు, ఆ తర్వాత ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాడు. అతను అలా ఊరుకోగానే నాకు విషయం అర్థమైపోయింది. 2022 అక్టోబర్‌లో నేనూ ఇలాగే ఎవరికో ఫోన్ చేసి, నోరు పెగలక ఊరుకున్నాను.

"స్టోర్‌లో పట్టుకున్నారన్నా. పోలీసులు కాగితం ఇచ్చి పంపించారు. ఇంట్లో తెలీదు."

చదువుకోడానికి అమెరికా వచ్చి ఎనిమిది నెలలైందట, వయసు 22. ఒంటిగంట దాకా మాట్లాడాం. ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. నా కేసప్పుడు అర్ధరాత్రిళ్లు ఫోన్ పట్టుకుని వెతికేవాణ్ని, మన భాషలో మనవాళ్లకి అర్థమయ్యేలా చెప్పినది ఒక్కటీ కనిపించలేదు, పైగా వాట్సాప్ గ్రూపుల్లో ఒకడు "ఏం కాదు బ్రో, ఫైన్ కట్టి వచ్చెయ్" అంటే ఇంకొకడు "రేపే డిపోర్ట్ చేస్తారు" అనేవాడు. అందుకే ఇది రాస్తున్నాను. ఇది అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, స్టోర్‌లో దొంగతనం చేసి దొరికిపోయిన నా కేసు. వేరే రాష్ట్రంలో లెక్కలు వేరు, అది గుర్తుంచుకోండి.

ముందు నా తప్పు చెప్పాలి. నేను ఆకలేసి దొంగతనం చేయలేదు. రెండు బెడ్‌రూముల ఇంట్లో ఐదుగురం ఉండేవాళ్లం, క్యాంపస్‌లో వారానికి 20 గంటల పని, గంటకి 13 డాలర్లు. ఇబ్బందే కానీ తిండికి లోటు లేదు. లోటు అంతా నా బుర్రలో ఉండేది. ఏది కొన్నా 82తో గుణించుకునేవాణ్ని. బాదంపప్పు ఎనిమిది డాలర్లంటే ఆరొందల యాభై రూపాయలు, బ్లేళ్ల ప్యాకెట్ 22 డాలర్లంటే పద్దెనిమిది వందలు. ఇంటిమీద ముప్పై లక్షల లోన్ పెట్టుకుని ఆ అంకెలు చూస్తుంటే ఆ స్టోర్ నన్ను మోసం చేస్తున్నట్టే అనిపించేది. అది తప్పుడు ఆలోచన, కానీ ఆ రోజుల్లో నిజంగా అలాగే అనిపించేది.

సెల్ఫ్ చెకౌట్‌లో, అంటే మనమే స్కాన్ చేసి డబ్బు కట్టే చోట, తూకం వేసే సరుకులకి కోడ్ నంబర్లుంటాయి. అరటిపళ్లది 4011, ప్రతి గెల మీదా చిన్న స్టిక్కర్ ఉంటుంది. మా అపార్ట్‌మెంట్‌కి వచ్చే ఒకతను నవ్వుతూ చెప్పాడు, బాదం తూకంలో పెట్టి అరటిపండు నొక్కానని. అందరం నవ్వాం. రెండు వారాల తర్వాత నేనూ అదే చేశాను. ఎవరూ ఏమీ అనలేదు. రెండోసారికి రెండు ప్యాకెట్లు తీసుకుని ఒకటే స్కాన్ చేశాను. మూడోసారికి గుండె దడ కూడా తగ్గింది. ఆ దడ తగ్గినప్పుడే నాకు భయం వేయాల్సింది.

నాలుగోసారి శనివారం సాయంత్రం. బ్లేళ్ల ప్యాకెట్, ఫోన్ ఛార్జర్, చలికాలం లోపల వేసుకునే థర్మల్ జత. బ్యాగులో అడుగున పెట్టి, పైన పాలు, బ్రెడ్ బిల్లు చేయించి బయటికి నడిచాను. తలుపు దగ్గర హుడీ వేసుకున్న మనిషి అడ్డం వచ్చాడు. అతన్ని లోపల రెండుసార్లు చూశాను, కార్ట్‌లో కుక్కల తిండి బస్తా పెట్టుకుని నా వెనకే తిరిగాడు, నేను మామూలు కస్టమర్ అనుకున్నాను. "సర్, మీ రసీదు ఒకసారి చూపిస్తారా" అన్నాడు. చాలా మర్యాదగా అన్నాడు. ఆ మర్యాదకే నా కాళ్లలో సత్తువ పోయింది.

లోపల చిన్న గది. కిటికీ లేదు. ఒక బల్ల, గోడ మీద వరసగా స్క్రీన్లు. అతను నా బ్యాగులోంచి ఒక్కొక్క వస్తువూ తీసి బల్ల మీద వరసగా పేర్చాడు, చేతిలో ఉన్న స్కానర్‌తో ఒక్కొక్కదాన్నీ కొట్టాడు. బీప్. బీప్. బీప్. నేను కొట్టకుండా వదిలేసిన బీప్‌లు అవి. చివర్లో మెషీన్‌లోంచి మామూలుగా కొన్నవాళ్లకి వచ్చే రసీదే బయటికొచ్చింది, 61.47 డాలర్లు. అది చింపి నా ముందు పెట్టాడు. తర్వాత కంప్యూటర్ స్క్రీన్ నా వైపు తిప్పాడు. అందులో నేనే ఉన్నాను, అదే నీలం జాకెట్, కింద తేదీ సెప్టెంబర్‌ది. వాళ్లకి ముందు నుంచీ తెలుసు.

పోలీసులు వచ్చారు. స్టేషన్‌లో వేలిముద్రలు తీసుకున్నారు. మనం సినిమాల్లో చూసే సిరా కాదు, గాజు పలక మీద ఒక్కో వేలూ దొర్లించాలి. ఆ ఆఫీసరమ్మ నా చెయ్యి పట్టుకుని "వదులుగా పెట్టు" అని మూడుసార్లు చెప్పింది. నా చెయ్యి కర్రలా బిగుసుకుపోయింది. రాత్రి తొమ్మిదిన్నరకి సమన్లు చేతికిచ్చి పంపించేశారు. బయటికి వచ్చాక బస్సు ఎక్కకుండా నడిచే ఇంటికి వెళ్లాను, గంటన్నర.

ఇక్కణ్నించి కాస్త నెమ్మదిగా చదవండి. మనవాళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే.

న్యూజెర్సీ చట్టంలో షాప్‌లిఫ్టింగ్‌కి, అంటే కొట్టులో దొంగతనానికి, సరుకు విలువని బట్టి తరగతులున్నాయి. 200 డాలర్ల లోపైతే డిజార్డర్లీ పర్సన్స్ అఫెన్స్, అంటే చిన్న తరహా నేరం, ఊరి మున్సిపల్ కోర్టులోనే విచారణ, గరిష్ఠంగా ఆరు నెలల జైలు, 1,000 డాలర్ల దాకా ఫైన్. 200కి చేరితే అది ఫోర్త్ డిగ్రీ నేరం, 18 నెలల దాకా జైలు, కేసు కౌంటీ స్థాయి కోర్టుకి పోతుంది. 500 దాటితే థర్డ్ డిగ్రీ, అది ఇంకా పెద్దది. వస్తువు జేబులో వేసుకోవడమే కాదు, దాచడం, ధర స్టిక్కర్ మార్చడం, ఒక డబ్బాలో సరుకు ఇంకో డబ్బాలో పెట్టడం అన్నీ అదే నేరం కిందికి వస్తాయి. తలుపు దాటకపోయినా, వస్తువు దాచిపెట్టావంటే దొంగిలించే ఉద్దేశంతోనే దాచావని కోర్టు అనుకోవడానికి చట్టం వీలిస్తుంది. "నేనింకా బయటికి పోలేదు కదా" అనే మాట అక్కడ చెల్లదు.

ఒకే పద్ధతిలో పలుమార్లు చేసి ఉంటే ఆ విలువలన్నీ కలిపి లెక్కగట్టొచ్చు కూడా. ఆ సంగతి తెలిసిన రాత్రి నేను నోట్‌బుక్ వెనక పేజీలో పాత మూడుసార్లవీ గుర్తు తెచ్చుకుని, ఆ రోజుదానితో కలిపి లెక్క వేశాను. ఒకసారి 170 వచ్చింది, ఇంకోసారి 185, బాదం ఎంత తూగిందో గుర్తురాక మళ్లీ మొదటి నుంచి వేస్తే 200 దాటింది. తెల్లారేదాకా ఆ నాలుగు అంకెలే కూడుతూ కూర్చున్నాను. చివరికి ఆ రోజు 61.47 మీదే కేసు పెట్టారు. నా అదృష్టం అంతే, అందులో నా తెలివి ఏమీ లేదు.

ఆ 200 గీత ఎందుకంత ముఖ్యమంటే, ఇమిగ్రేషన్ చట్టం చూసే చూపు వేరు. దొంగతనాన్ని అది 'మోరల్ టర్పిట్యూడ్' ఉన్న నేరంగా, అంటే నీతి తప్పిన నేరంగా చూస్తుంది. దేశంలోకి అడుగుపెట్టిన ఐదేళ్లలోపు అలాంటి నేరం చేసి, దానికి ఏడాది లేక అంతకన్నా ఎక్కువ శిక్ష పడే వీలుండి, దోషిగా తేలితే దేశం నుంచి పంపించేయడానికి అదొక్కటే చాలు. పడిన శిక్ష ఎంతని కాదు, పడగలిగిన శిక్ష ఎంతన్నదే లెక్క. ఫోర్త్ డిగ్రీకి 18 నెలలు కాబట్టి అది ఆ వలలో పడుతుంది. ఆరు నెలలది ఆ ఒక్క లెక్కలో పడదు. జీవితంలో ఒక్కటే ఉండి, గరిష్ఠ శిక్ష ఏడాది మించక, పడిన శిక్ష ఆరు నెలలు దాటకపోతే మళ్లీ దేశంలోకి రావడానికి 'పెటీ అఫెన్స్' అని ఒక మినహాయింపు కూడా ఉంది. అది ఒక్కసారికే. రెండో కేసైతే అది కూడా ఉండదు.

నేను మొదట మాట్లాడిన లాయర్ క్రిమినల్ కేసులు చూసేవాడు, ఫోన్‌లో పది నిమిషాలు విని, "దీనికి టెన్షన్ ఎందుకు, కండిషనల్ డిస్మిసల్ తీసుకో" అన్నాడు. మొదటిసారి తప్పు చేసినవాళ్ల కోసం న్యూజెర్సీలో 2014 నుంచి ఉన్న పద్ధతి అది. 75 డాలర్లు కట్టి దరఖాస్తు పెట్టాలి, ఏడాది పాటు ఏ గొడవలోనూ ఇరుక్కోకూడదు, ఆ తర్వాత కేసు కొట్టేస్తారు. వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మా రూమ్‌లో అందరూ అదే తీసుకోమన్నారు.

నన్ను ఆపింది ఒక సీనియర్ అక్క. నాకు పెద్దగా పరిచయం కూడా లేదు, లైబ్రరీలో కలిసి పని చేసేవాళ్లం. నా మొహం చూసి అడిగితే ఉండబట్టలేక చెప్పేశాను. ఆమె తిట్టలేదు, ఓదార్చలేదు. "ఇమిగ్రేషన్ లాయర్‌ని అడిగావా? అడక్కుండా దేనికీ ఒప్పుకోకు తమ్ముడూ" అంది. అంతే. ఆ ఒక్క మాటకి నేను ఆమెకి జీవితాంతం రుణపడి ఉంటాను.

ఇమిగ్రేషన్ లాయర్ అరగంటకి 200 డాలర్లు తీసుకుంది. ఒక తెల్లకాగితం తీసి మధ్యలో గీత గీసింది. ఎడమవైపు 'కోర్టు' అని, కుడివైపు 'ఇమిగ్రేషన్' అని రాసింది. కండిషనల్ డిస్మిసల్‌లో చేరాలంటే ముందు నేరం ఒప్పుకోవాలి, లేదా కోర్టు దోషివని తేల్చాలి. ఏడాది గడిచాక కోర్టు వైపు కేసు ఉండదు, శిక్ష ఉండదు, శుభ్రం. ఎడమవైపు సున్నా పెట్టింది. ఇమిగ్రేషన్ చట్టంలో మాత్రం 1996 నుంచి కన్విక్షన్‌కి, అంటే దోషిగా తేలడానికి, వేరే నిర్వచనం ఉంది. నువ్వు నేరం ఒప్పుకుని, జడ్జి నీ మీద ఏదో ఒక శిక్షో ఆంక్షో పెడితే చాలు, తర్వాత కోర్టు దాన్ని కొట్టేసినా వాళ్ల దృష్టిలో నువ్వు దోషివే. కుడివైపు ఇంటూ పెట్టింది. "ఈ పద్ధతి అమెరికా పౌరులకి మంచిది. నీకు కాదు" అంది.

ఆ కాగితం నేను అడిగి తెచ్చుకున్నాను, ఇప్పటికీ ఉంది. ఎందుకంటే ఇంత పెద్ద తేడా ఒక చిన్న గీతకి అటూ ఇటూ ఉంది, నేను దాదాపు సంతకం పెట్టేసేవాణ్ని. పౌరుడు కాని క్లయింట్‌కి నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపించేసే ప్రమాదం ఉందో లేదో డిఫెన్స్ లాయర్ చెప్పి తీరాలని అమెరికా సుప్రీంకోర్టు 2010లోనే పడియా వర్సెస్ కెంటకీ కేసులో చెప్పింది. చెప్పాలన్న నియమం ఉంది సరే, పది నిమిషాల ఫోన్‌లో మనం ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద ఉన్నామని వాళ్లకి గట్టిగా చెప్పాల్సింది మనమే. నేను చెప్పలేదు. సిగ్గేసి తొందరగా ఫోన్ పెట్టేయాలనిపించింది.

మొదటి తేదీన జడ్జి నా హక్కులు చదివి, దోషినని ఒప్పుకుంటావా లేదా అని అడిగాడు. ఒప్పుకోవడం లేదని చెప్పాను. ఇది అబద్ధం కాదా, చేసింది నువ్వే కదా అని ఆ కుర్రాడు అడిగాడు నన్ను. నాకూ అప్పుడు అదే బాధ. ఆ దశలో ఆ మాటకి అర్థం "నా కేసు సాక్ష్యాలు చూసి మాట్లాడదాం" అని మాత్రమే, కోర్టులో అందరికీ అది తెలుసు. తొందరపడి ఆ రోజే ఒప్పేసుకుంటే మాత్రం వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. లాయర్‌ని పెట్టుకునే స్తోమత లేకపోతే మున్సిపల్ కోర్టులో పబ్లిక్ డిఫెండర్ కోసం, అంటే కోర్టు తరఫున ఇచ్చే లాయర్ కోసం, అడగొచ్చు, దానికి దరఖాస్తు ఫీజు 200 డాలర్లకి మించదు.

ఈలోగా ఒక లా ఆఫీసు నుంచి స్టోర్ తరఫున ఉత్తరం వచ్చింది, 150 డాలర్ల సివిల్ పెనాల్టీ కట్టమని. అది కట్టేస్తే కేసు పోతుందని రూమ్‌లో సగం మంది అన్నారు. పోదు. అది స్టోర్‌కీ నీకూ మధ్య లెక్క, ప్రభుత్వం పెట్టిన కేసుకి దానితో సంబంధం లేదు.

కొత్త లాయర్‌కి 1,500 డాలర్లు కావాలి. నా దగ్గర 340 ఉన్నాయి. నాన్నకి చెప్పక తప్పలేదు.

మా నాన్నది నరసరావుపేటలో కిరాణా కొట్టు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో నేనూ గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాణ్ని. ఎవడైనా పిల్లాడు బిస్కెట్ ప్యాకెట్ చొక్కాలో దోపుకుంటే నేనే పట్టుకుని నాన్నకి చూపించేవాణ్ని. ఆ కొట్టు కట్టేసే వేళ చూసుకుని, ఇక్కడ మధ్యాహ్నం, యూనివర్సిటీ పార్కింగ్‌లో నిలబడి ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను. లైన్‌లో షట్టర్ దించుతున్న చప్పుడు, తాళం వేస్తున్న చప్పుడు వినిపించాయి. తర్వాత అడిగాడు.

"ఎంత సరుకురా?"

"అరవై ఒక్క డాలర్లు నాన్నా."

"మన డబ్బుల్లో చెప్పు."

"ఐదు వేలు."

చాలాసేపు మాట్లాడలేదు. "ఐదు వేల సరుకు పోతే నాకు వారం రోజులు నిలబడింది దండగరా" అన్నాడు. లక్షలు ఖర్చు పెట్టి చదివిస్తున్నానని అనలేదు, పరువు పోయిందని అనలేదు. కొట్టువాడిగా మాట్లాడాడు. ఆ మాట నన్ను కోసేసినట్టు ఏ తిట్టూ కోసేది కాదు, ఎందుకంటే అప్పటిదాకా నా మనసులో ఆ స్టోర్ ఒక గోడ, ఒక కెమెరా, ఒక పెద్ద కంపెనీ మాత్రమే. "అమ్మకి చెప్పకు. డబ్బులు రేపు వేస్తా" అని పెట్టేశాడు. మర్నాడు పొద్దున నాలుగింటికి లేచి చూస్తే అకౌంట్‌లో డబ్బులున్నాయి, అడిగినదానికన్నా కొంచెం ఎక్కువే.

2023 మార్చిలో కేసు ముగిసింది. నా లాయర్, ప్రభుత్వం తరఫున వాదించే ప్రాసిక్యూటర్ మాట్లాడుకుని షాప్‌లిఫ్టింగ్ అభియోగాన్ని తీసేసి ఊరి ఆర్డినెన్స్ (స్థానిక నిబంధన) ఉల్లంఘన కిందికి మార్చారు, అంటే బహిరంగ స్థలంలో అనుచితంగా ప్రవర్తించడం లాంటిది. ఫైన్, కోర్టు ఖర్చులు కట్టాను. షాప్‌లిఫ్టింగ్ కిందే దోషిగా తేలి ఉంటే మొదటిసారికే కనీసం పది రోజుల సమాజ సేవ తప్పనిసరి, అది కాక రికార్డులో ఆ పేరు. ఇలా మార్చడం ప్రతి కేసులోనూ జరగదు, ప్రాసిక్యూటర్ ఒప్పుకోవాలి, స్టోర్ వాళ్లు పట్టుబట్టకూడదు. నేను చేసిన మంచి పని ఏమైనా ఉంటే ఆ నెలలన్నీ ఓపిక పట్టడమే.

ఇక అయిపోయిందనుకున్నాను. చదువు అయింది, ఓపీటీ మీద, అంటే చదువయ్యాక కొంతకాలం పని చేసుకోనిచ్చే అనుమతి మీద, ఉద్యోగం వచ్చింది, సైన్స్, టెక్నాలజీ లాంటివి చదివినవాళ్లకి దాన్ని పొడిగించే స్టెమ్ ఎక్స్‌టెన్షన్ కూడా వచ్చింది. 2025 ఏప్రిల్‌లో ఒక పొద్దున యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసు నుంచి ఈమెయిల్, నా సెవిస్ రికార్డు, అంటే ప్రభుత్వం దగ్గర ఉండే విదేశీ విద్యార్థి రికార్డు, రద్దయిందని. కారణం దగ్గర క్రిమినల్ రికార్డుల తనిఖీలో పేరు తగిలిందని ఉంది. కేసు కాదు, శిక్ష కాదు, ఆ రాత్రి గాజు పలక మీద పెట్టిన వేలిముద్ర. ఆ రోజుల్లో దాదాపు 13 లక్షల మంది విద్యార్థుల పేర్లని ఎఫ్‌బీఐ డేటాబేస్‌తో పోల్చి చూశారని, 6,400 పేర్లు తగిలాయని తర్వాత ప్రభుత్వ అధికారులే కోర్టులో చెప్పారు. కొట్టేసిన కేసులున్నవాళ్లు, ట్రాఫిక్ గొడవలున్నవాళ్లు కూడా అందులో ఉన్నారు. నేను ఆ రోజు నుంచే ఉద్యోగానికి వెళ్లడం ఆపేశాను. దేశమంతటా విద్యార్థులు కోర్టులకెళ్లారు, ఏప్రిల్ 25న ప్రభుత్వం రికార్డులు తిరిగి తెరుస్తామని చెప్పింది, నాదీ వెనక్కి వచ్చింది. ఆ రెండున్నర వారాలు నేను సూట్‌కేసు మంచం కింద నుంచి తీసి గోడకి ఆనించి పెట్టుకున్నాను.

వీసా స్టాంపింగ్ ఇంకో సంగతి. డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా లేక శిక్ష పడిందా అని అడుగుతారు, క్షమాభిక్ష లాంటిది దొరికినా సరే చెప్పాలని అందులోనే ఉంటుంది. కాబట్టి అవును అనే పెట్టాలి. కోర్టులో రికార్డు చెరిపేయించుకున్నా సరే అవునే. అక్కడ లేదని పెడితే అది అబద్ధం చెప్పిన నేరం అవుతుంది, అసలు దొంగతనం కన్నా అది పెద్ద దెబ్బ. 2025 జులైలో మన దేశంలోని అమెరికా ఎంబసీ కూడా దొంగతనం లాంటి నేరాలు చేస్తే వీసా రద్దు కావచ్చని, ముందు ముందు వీసాకి అర్హత పోవచ్చని బహిరంగంగానే హెచ్చరించింది. నా ఫైల్లో కోర్టు ముద్ర ఉన్న తుది తీర్పు కాపీలు మూడున్నాయి, లాయర్ ఉత్తరం ఉంది. ఇవన్నీ ఉన్నా ఇండియా వెళ్తే తిరిగి వస్తానో లేదో తెలియక 2022 జనవరి తర్వాత నేను ఇంటికి వెళ్లలేదు. చెల్లి పెళ్లి ఫోన్‌లో చూశాను. తలంబ్రాలప్పుడు నెట్‌వర్క్ పోయింది.

ఆ కుర్రాడికి ఇవన్నీ ఇదే వరసలో చెప్పలేదు, ముందు అవసరమైనవి చెప్పాను. సమన్లలో ఉన్న తేదీ దాటనివ్వకు, వెళ్లకపోతే వారెంట్ వస్తుంది. స్టోర్ వాళ్లతో గానీ పోలీసులతో గానీ ఇక ఏమీ మాట్లాడకు, ఏమీ రాసివ్వకు. గ్రూపుల్లో అడగకు. క్రిమినల్ లాయర్ కన్నా ముందు ఇమిగ్రేషన్ లాయర్ దగ్గర కూర్చో, ఇద్దరినీ ఒకరితో ఒకరిని మాట్లాడించు. ఆ స్టోర్‌కి మళ్లీ వెళ్లకు, రానని సంతకం పెట్టావు, వెళ్తే అది ఇంకో కేసు.

అన్నీ రాసుకున్నాడు, పెన్ను చప్పుడు వినిపిస్తోంది. చివర్లో అడిగాడు, "ఇంట్లో చెప్పాలా అన్నా?"

మా నాన్న షట్టర్ దించిన చప్పుడు గుర్తొచ్చింది. చెప్పమన్నాను. ఎలా చెప్పాలి అన్నాడు. సరుకు విలువతో మొదలుపెట్టమన్నాను, నిజం అంకెతో.

వచ్చే గురువారం సాయంత్రం అతని మొదటి తేదీ. నేను మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టాను. రెండు ట్రైన్లు మారాలి, ఐదింటికల్లా కోర్టు బయట ఉంటానని చెప్పాను.